ప్రేరణ కేంద్రం కోసం క్యాంటీను ఖాళీ చేయమన్న ఉత్తర్వు మీద మనవి

ప్రభుత్వ ఉద్యోగుల శిక్షణాలయ సంచాలకుల వారి సముఖమునకు,
సదరు శిక్షణాలయము వెనుక భాగమున క్యాంటీను నడుపుకొనువాడు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఉద్యోగులకు శిక్షణ మీద ప్రేరణ కలిగించు నిమిత్తం, వారికి ఇంతకాలముగా ప్రేరణ కలిగించుచున్న క్యాంటీనును నెలాఖరుకు ఖాళీ చేయమని తమరు జారీచేసిన ఉత్తర్వును రద్దుపరచుట గురించి.

సూచిక: మొన్న తమ బంట్రోతు మా వంటగది తలుపుకు అంటించిపోయిన ఉత్తర్వు. జిగురు ధారాళంగా వాడినందున తలుపు తీసేటప్పుడు ఉత్తర్వు నిలువునా చిరిగినది. కావాలని చించలేదని మొదటే మనవి చేసుకొనుచున్నాను.

పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను చదువుకున్నది తక్కువ. అయినా తమ శిక్షణాలయంలో జరిగే తరగతులన్నీ వంటగది కిటికీలోంచి ఏళ్ళ తరబడి విన్నవాడిని. కాబట్టి ‘సమయపాలన’, ‘ఒత్తిడిని జయించుట’, ‘ప్రజలతో మర్యాదగా మాట్లాడుట’ అను మూడు అంశాలలో నా పరిజ్ఞానం తమ సిబ్బందిలో ఎవరికీ తీసిపోదు. మూడవ అంశాన్ని ఈ అర్జీలో ఎంతవరకు పాటించగలనో మాత్రం ముందుగా మాట ఇవ్వలేను.

2. సదరు ఉత్తర్వులో తమరు సెలవిచ్చినది: ‘శిక్షణ పట్ల ఉద్యోగులలో ప్రేరణ కొరవడినందున, క్యాంటీను ఆవరణను ప్రేరణ కేంద్రముగా మార్చుటకు నిర్ణయించడమైనది.’ పొయ్యి ఉన్నచోట గోడ మీద ఉదయించే సూర్యుడి బొమ్మ వేయిస్తారట. బల్లలు తీసేసి బస్తాల్లాంటి మెత్తటి కుర్చీలు వేయిస్తారట. ఉద్యోగి వాటిలో కూలబడి సూర్యుణ్ణి చూస్తే నేర్చుకోవాలనే కోరిక పుట్టుకొస్తుందట. ఆ కుర్చీల్లో కూర్చుంటే మా సూపరింటెండెంట్లలో సగంమంది లేవలేరు, పుట్టేది నిద్ర ఒక్కటే. ఉత్తర్వు చదివి వినిపిస్తే, వంట చేసే మా ఇంటావిడ ప్రేరణ అంటే ఏమిటని అడిగింది. మనిషి దేనికోసం లేచి వస్తాడో అదే ప్రేరణ అని నాకు తెలిసినంతలో చెప్పాను. ఆవిడ పొయ్యి మీద గిన్నె వైపు చూసి, అయితే ఇదే కదా, దీన్ని తీసేసి ఇంకేం పెడతారట అంది. దానికి జవాబు తమరి దగ్గర ఉంటుందనుకుని పైకి వచ్చాను. ఆ భాగోతం ఎనిమిదో పేరాలో విన్నవించుకుంటాను.

3. ఈ కష్టమంతా మొదలైంది పరిశోధన దగ్గర. తమరు బాధ్యతలు స్వీకరించిన కొత్తలో, ఉద్యోగులు శిక్షణకు అసలు ఎందుకు వస్తున్నారో తెలుసుకోగోరి ఒక పరిశోధకుడు గారిని పిలిపించారు. మెత్తటి బూట్లు, మెత్తటి మాట. మనిషి మంచివాడే. ఆయన కాగితాలు పంచింది మా క్యాంటీను బల్లల మీదే, భోజనానికి ముందు. ప్రశ్న ఒకటే: మీరు ఈ శిక్షణకు ఎందుకు వచ్చారు? కింద గడులు. జ్ఞానం కోసం, నైపుణ్యం కోసం, ప్రజాసేవ కోసం, ఇతరములు. అంతవరకు బాగానే ఉంది. కాని కాగితం పైన పేరు, ఉద్యోగ సంఖ్య రాయాలి. కింద వాళ్ళ శాఖాధికారి సంతకం ఉండాలి. ఆ శాఖాధికారులు సంతకం పెట్టడానికి వాళ్ళ వెనకే నిలబడి ఉన్నారు. అయ్యా, పెళ్ళాం గరిటె పట్టుకుని వెనక నిలబడి ఉండగా కూర ఎలా ఉందని అడిగితే ఏ మొగుడు నిజం చెబుతాడు?

అందరూ జ్ఞానం గడిలోనే టిక్కు పెట్టారు. ఆ చేత్తోనే నన్ను సైగ చేసి పిలిచి, ఇవాళ తీపి ఏమిటని మెల్లగా అడిగారు. ఒకాయన మాత్రం ‘ఇతరములు’లో పెట్టబోయి, వెనక దగ్గు వినిపించగానే కొట్టేసి జ్ఞానంలోకి మారాడు. పరిశోధకుడు గారు ఆ కొట్టివేతను కూడా ‘పునరాలోచన’ అని రాసుకున్నారు. ఆఖరికి తేలిన ఫలితాన్ని తమరు పటం కట్టించి మెట్ల దగ్గర తగిలించారు: ‘మన ఉద్యోగులను నడిపించునది జ్ఞానతృష్ణ.’ ఆ పటం కిందే మంచినీళ్ళ కుళాయి ఉంది. అది పనిచేసి చాలాకాలమైంది.

4. జ్ఞానతృష్ణ ఉన్నవాడికి భోజనం దేనికని తమరికి తోచింది. భోజనం రద్దుపరచి దాని స్థానంలో బిస్కెట్టు పొట్లం, టీ ఏర్పాటు చేశారు. ఆ తర్వాతి బ్యాచీ వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. రావలసినవాళ్ళు హాలు నిండా ఉండాలి. వచ్చినవాళ్ళు ముందు వరసకు కూడా చాలలేదు. అందులో ఒకాయన దారి తప్పి వచ్చిన మనిషి, ఆయన పని పక్క ఆఫీసులో. ఉపన్యాసకుడు గారు ‘సోదర సోదరీమణులారా’ అని మొదలుపెట్టి, కళ్ళజోడు సవరించుకుని చూసి, ‘సోదరులారా’ అని దిద్దుకున్నారు.

తమరు మొదట ఫ్యాన్లను అనుమానించారు. తర్వాత మైకును మార్పించారు. చివరికి ఉద్యోగులలో ప్రేరణ లోపించిందని తేల్చారు. లోపించింది అన్నం అని నోరు తెరిచి చెప్పే ధైర్యం తమరి కింద ఒక్కరికీ లేదు. ఇంతలో పైనుంచి తనిఖీ వస్తోందని కబురు రాగా, హాలు నిండుగా కనపడవలెనని, ఈ నెలాఖరు వరకు మాత్రం భోజనం పునరుద్ధరించారు. అంటే మనుషులను రప్పించేది ఏమిటో తమరికి తెలుసు. తెలిసీ ఆ పటం దించలేదు. తనిఖీ పూర్తి కాగానే మేము ఖాళీ చేయాలి, గోడ మీద సూర్యుడు ఉదయించాలి.

ఈ సందర్భంగా ఒక్క విషయం. భోజనం రద్దయిన రోజుల్లో కూడా తమరి గదికి పళ్ళెం వెళుతూనే ఉంది. కూర మళ్ళీ అడిగి పంపించుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి. దాన్ని నేను తప్పు పట్టను. ఎవరి తృష్ణ వారిది.

5. పరిశోధకుడు గారు అడగని ప్రశ్నకు నేను జవాబు రాసుకుంటున్నాను. ఇన్నేళ్ళు వడ్డించిన చేతికి ఎవరు దేనికి వస్తారో తెలియకపోతే ఆ చెయ్యి దండగ.

పన్నుల ఆఫీసు గుమాస్తా ఒకాయన సంచి కోసం వస్తాడు. ప్రతి శిక్షణకూ తమరు అచ్చు వేయించిన సంచి ఇస్తారు కదా. ఆయన భార్య బజారుకు ‘విపత్తు నిర్వహణ’ సంచితో వెళుతుంది. పెద్ద కూతురు పుస్తకాలు ‘పారదర్శక పాలన’లో పెట్టుకుంటుంది. కింద అద్దెకున్నవాళ్ళు అడిగితే ‘అవినీతి నిర్మూలన’ ఒకటి ఇచ్చాడు, అది రెండోసారి ఉతికేసరికి చిరిగిపోయింది. ఈయన హాజరు చూసి ఆదర్శ శిక్షణార్థి అని తమరు శాలువా కూడా కప్పారు.

రికార్డుల సూపరింటెండెంటు హాలు చల్లగా ఉంటుందని వస్తాడు. ఆయన కళ్ళు తెరిచి నిద్రపోగలడు. మధ్యమధ్యలో తల కూడా ఊపుతాడు. ఉపన్యాసకులందరికీ ఆయనంటే ఇష్టం. ఇక ప్రమోషన్ల జాబితా తయారయ్యే కాలంలో మాత్రం హాలు కిటకిటలాడుతుంది. ఎప్పుడూ మొహం చూపని పెద్దలు ‘ఫైళ్ళు భద్రపరచుట’ నేర్చుకోవడానికి తోసుకుంటూ వస్తారు. నేర్చుకున్నవాళ్ళే మళ్ళీ నేర్చుకుంటారు. జాబితా వెలువడిన మర్నాడు ఆ జ్ఞానమంతా ఎక్కడికి పోతుందో తెలియదు. కొందరిని పై అధికారి మీద కోపంతో పంపిస్తారు, కొందరు పై అధికారి మొహం చూడలేక వస్తారు. అసలు ఏ ఆఫీసయినా ఎవరిని పంపుతుంది? లేకపోయినా పని ఆగని మనిషిని పంపుతుంది. పనిచేసేవాడు కుర్చీలోనే ఉంటాడు, వాడిని వదిలితే ఆఫీసు నడవదు. కాబట్టి అయ్యా, తమరు ఏళ్ళ తరబడి తరిఫీదు ఇస్తున్నది పనితో సంబంధం లేనివాళ్ళకు.

ఒక్క టైపిస్టు అమ్మ గురించి మాత్రం వెటకారంగా రాయలేను. ఆవిడ ఏ శిక్షణ అయినా వస్తుంది. ‘ట్రాక్టరు ఇంజను మరమ్మతు’కు కూడా పేరు ఇచ్చింది. ఎందుకమ్మా అని ఒకసారి అడిగాను. “ఇంట్లో పొద్దున్నా నేనే, రాత్రీ నేనే వండాలి అన్నా. ఎవరో వండింది వేడివేడిగా, కూర్చుని, మధ్యలో ఎవరూ పిలవకుండా తినేది ఇక్కడే” అంది. పరిశోధకుడు గారి కాగితంలో ఆవిడ కూడా జ్ఞానమనే రాసింది. మరేం రాస్తుంది?

6. హాజరు పద్ధతి గురించి. ఇది తమరికి ముందున్న సంచాలకులు పెట్టిన పద్ధతి. ఉదయమే సంతకాలు పెట్టిస్తే టీ వేళకల్లా హాలు ఖాళీ అయ్యేది. అందుకని ఆయన హాజరు పట్టీని నా కౌంటరు దగ్గర పెట్టించారు. సంతకం పెట్టు, టోకెను తీసుకో, అన్నం తిను. దాంతో మనుషులు భోజనాల దాకా నిలిచారు. అందరూ మెచ్చుకున్నారు. భోజనం తర్వాత ఏమవుతుందని ఎవరూ అడగలేదు. సంతకం అయింది, కడుపు నిండింది, సంచి భుజాన ఉంది. ఇక ఉండమంటే ఎందుకుంటాడు? చెయ్యి తుడుచుకుంటూ గేటు దాటుతాడు.

మరి తమ తరగతుల పట్టిక ఎలా ఉంది? ఉదయమంతా ఉపన్యాసాలు. ఎందుకంటే ఉపన్యాసమిచ్చే పెద్దలకు మధ్యాహ్నం తీరిక ఉండదు. చేత్తో పట్టుకుని నేర్చుకోవలసినవన్నీ మధ్యాహ్నానికి తోశారు. మంటలార్పే డబ్బా ఎలా వాడాలో మధ్యాహ్నం. గుండె ఆగిన మనిషి రొమ్ము మీద ఎక్కడ నొక్కాలో మధ్యాహ్నం. అందుకోసం తెప్పించిన రబ్బరు మనిషి మా వంటగది పక్క గదిలోనే వెల్లకిలా పడుకుని ఉంటాడు. ఇంతవరకు వాడి రొమ్ము మీద ఎక్కింది మా పిల్లి ఒక్కటే. ప్రాణం నిలబెట్టే పనులన్నీ భోజనం తర్వాత ఉన్నాయి, భోజనం తర్వాత మనుషులు లేరు. ఇందులో ప్రేరణ లోపం ఎక్కడుందో నాకు అర్థం కాలేదు. బుద్ధి లోపం ఎక్కడుందో మాత్రం అర్థమైంది.

7. ఇంతవరకు నవ్వుతూ రాశాను. ఇక నవ్వు రాదు.

నా కౌంటరు దగ్గర ఎడమ చేత్తో టోకెన్లు చింపి ఇచ్చే మనిషిని తమరు చూసే ఉంటారు. ఒకసారి తనిఖీకి వచ్చినప్పుడు, పని నెమ్మదిగా సాగుతోంది, చురుకైనవాణ్ణి పెట్టుకోమని నాకు సలహా కూడా ఇచ్చారు. వాడు మా ఇంటావిడ తమ్ముడు. ఇంట్లో అందరం చిన్నోడు అంటాం. కరెంటు శాఖలో లైన్‌మన్. కుడి చెయ్యి మోచేతి కింద లేదు. అందుకే నెమ్మది.

వాడు తమ శిక్షణాలయంలో ‘విద్యుత్ తీగల వద్ద భద్రత’ అనే శిక్షణ పొందినవాడు. పొందినట్టు సర్టిఫికెట్టు కూడా ఉంది. వాళ్ళ ముఠా అంతా ఒకే వ్యానులో వచ్చింది. పొద్దున ఒక పెద్దాయన, భద్రత మనందరి బాధ్యత అని భోజనాల దాకా చెప్పాడు. అందరూ నా దగ్గరే సంతకం పెట్టారు, తిన్నారు. ప్రయోగం వెనక షెడ్డులో ఉంది. తిన్నాక వ్యాను హారన్ కొట్టింది. ముఠా మొత్తం ఎక్కింది. వాడొక్కడు ఉండిపోతే మళ్ళీ ఊరు చేరడానికి బండి లేదు. ఎక్కాడు. కొద్ది రోజులకు సర్టిఫికెట్టు పోస్టులో వచ్చింది. మా ఇంటావిడ ముచ్చటపడి గోడకు తగిలించింది.

ఆ షెడ్డులో ఏం నేర్పుతారో తమరికి తెలియకపోవచ్చు, తమరు ఎన్నడూ అటువైపు రాలేదు. ఎర్త్ రాడ్ అని పొడుగాటి కర్ర ఒకటి ఉంటుంది. దాని కొసన కొక్కెం, కొక్కేనికి తీగ. లైను ఆపేసినా సరే, చెయ్యి పెట్టే ముందు ఆ తీగ చివర నేలకు బిగించి, కొక్కెం లైనుకు తగిలించాలి. ఎక్కడినుంచైనా కరెంటు తిరిగి వస్తే మనిషిలోకి రాకుండా నేలలోకి పోతుంది. వానాకాలంలో ఒకరోజు లైను ఆపారు, చిన్నోడు స్తంభం ఎక్కాడు. కింద ఎవరో దుకాణంవాడు జనరేటరు వేసుకున్నాడు. ఆ కరెంటు వెనక్కి ఎక్కి వచ్చింది. ఎర్త్ రాడ్ వ్యానులోనే ఉంది అయ్యా. ఫ్యాక్టరీ చుట్టిన ప్లాస్టిక్ కూడా తీయలేదు. ముఠాలో ఎవరికీ దాన్ని ఎలా తగిలించాలో రాదు. అందరికీ సర్టిఫికెట్లు ఉన్నాయి.

తర్వాత విచారణ జరిగింది. విచారణాధికారి గారు మొట్టమొదట అడిగింది శిక్షణ సర్టిఫికెట్టు. మా ఇంటావిడే గోడ మీద నుంచి తీసి, తుడిచి ఇచ్చింది, తమ్ముడికి మేలు జరుగుతుందని. ‘తగిన శిక్షణ పొందియుండియు నిర్లక్ష్యము వహించినందున ప్రమాదమునకు సదరు ఉద్యోగియే బాధ్యుడు’ అని రాశారు. కూర్చుని చేసే పని ఏదైనా ఇప్పించమని వాడు పెట్టుకున్న అర్జీ అక్కడితో చచ్చిపోయింది. ఉద్యోగం ఉందో ఊడిందో ఇప్పటికీ తేల్చలేదు. ఆ కాగితం ఆఖరి వాక్యం మాత్రం తమరు చదివి తీరాలి: ‘సదరు ఉద్యోగి స్తంభములు సురక్షితముగా ఎక్కుటయందు పునఃశిక్షణకు హాజరు కావలెను.’ ఒంటిచేతి మనిషిని అయ్యా. ఆ మాట రాసినాయన నా క్యాంటీనులో చాలాసార్లు తిన్నాడు. ఉప్పు ఎక్కువైందని ఒకసారి పళ్ళెం తోసేశాడు. ఆయన వచ్చింది ‘సానుభూతితో విచారణ’ అనే శిక్షణకు.

వాడికి ఇప్పుడు ఉన్నది నా కౌంటరు పక్కన స్టూలు. సంపాదన అంటే అదే, మనుషుల మొహాలు చూసేది అక్కడే. మొదట్లో గది దాటి బయటికి వచ్చేవాడు కాదు. టోకెన్లు చింపే పని పెట్టాక గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. తమరు ఆ స్టూలు తీసేసి బస్తా కుర్చీ వేస్తారు. మాకేముంది, గిన్నెలు నెత్తిన పెట్టుకుని ఏ బస్టాండు పక్కనో పొయ్యి పెట్టుకుంటాం. వాడు మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటాడు. నాకు భయం అదొక్కటే, ఈ అర్జీ కూడా అందుకే.

8. ఈ సంగతి చెప్పుకుందామని ఉత్తర్వు అంటించిన రోజే తమరి గదికి వచ్చాను. తమరు నిలబెట్టి మాట్లాడారు, ఫరవాలేదు, వడ్డించేవాడికి నిలబడటం అలవాటే. “మనిషి అన్నం కోసం నేర్చుకుంటాడంటే నేను నమ్మను. నా ఉద్యోగులను అంత చులకన చేయకు” అన్నారు. నేను అప్పుడు కూడా మనవి చేశాను, “నేర్చుకోవడానికి కాదండీ, రావడానికి. వచ్చాక నేర్పించుకోవడం తమ పని” అని. తమరు ఫోను ఎత్తుకున్నారు. అది మోగలేదు. ఎత్తుకుని మాత్రం చాలాసేపు విన్నారు.

చులకన చేసింది నేను కాదు. పిల్లవాడు బడికి మొదటిరోజు దేనికి వెళతాడు? తాయిలం చూపిస్తే వెళతాడు. అది సిగ్గుపడాల్సిన విషయం కాదు. తాయిలం చేతికిచ్చి, పలక చూపించకుండా ఇంటికి పంపేస్తే సిగ్గుపడాల్సింది పిల్లవాడు కాదు, పంతులు. మనుషులు సంచికి వచ్చారు, చల్లదనానికి వచ్చారు, అన్నానికి వచ్చారు. ఏదో ఒకదానికి వచ్చారు కదా, వచ్చి తమ చేతిలో ఉన్నారు కదా. అప్పుడు తమరేం చేశారు? మైకు ముందు కూర్చోబెట్టి, తినిపించి, పని నేర్పే వేళకు వదిలేశారు. పైగా వాళ్ళలో కోరిక లేదని గోడకు రంగులు వేయిస్తున్నారు.

కావున తమరిని వేడుకొనునది:

(అ) క్యాంటీను ఖాళీ చేయు ఉత్తర్వును రద్దుపరచవలెను. ప్రేరణ కేంద్రం తప్పనిసరి అయినచో మేడ మీద తమరి విశ్రాంతి గది ఖాళీగానే ఉంటుంది, సూర్యుడు కూడా నిజంగా కనబడతాడు.

(ఆ) భోజనాన్ని ప్రయోగం తర్వాతకు మార్చవలెను. టోకెను నా కౌంటరులో కాక, వెనక షెడ్డులో ప్రయోగం నేర్పే కరెంటు మాస్టారు చేతి మీదుగా ఇప్పించవలెను. చేసి చూపినవాడికే టోకెను. అన్నం వేడిగా ఉంచే పూచీ మాది. ఇందుకు తమ ఖజానాకు ఏ ఖర్చూ లేదు. ఖర్చు లేనందున తమ ఆఫీసులో దీనికి విలువ లేకపోవచ్చునని కూడా నాకు తెలుసు.

(ఇ) మధ్యాహ్నం లేని మనిషికి సర్టిఫికెట్టు పంపకుండవలెను. అది కాగితమే కదా అనుకోవద్దు. ఒకడి చెయ్యి పోయాక అదే వాడి నెత్తిన కొట్టింది.

చిన్నోడి ఉద్యోగం సంగతి తమ శాఖ పరిధిలోనిది కాదని ఎరుగుదును. కాబట్టి అది అడగలేదు.

ఈ మనవిని తమరు చిత్తగించవలెను. చిత్తం కుదరని పక్షంలో, పళ్ళెం వచ్చేలోపు ఒకసారి చదివి అయినా చూడవలెను.

ఇట్లు,
ఈ నెలాఖరు వరకు తమ విధేయుడు,
క్యాంటీనువాడు

తా.క. అర్జీ ముగించి సంతకం పెట్టాను. ఇవ్వడానికి పైకి వచ్చేలోగా ఇక్కడ జరిగింది కూడా రాయకపోతే, తమరికి మరొకరి నోట వేరేగా తెలుస్తుంది. అర్జీ భాష ఇక నావల్ల కాదు, మామూలుగా రాస్తున్నాను.

ఇవాళ వచ్చింది లైన్‌మన్ల బ్యాచీ అండీ. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్ళు. భోజనాల వేళకు కౌంటరు ముందు వరస కట్టారు. మా ఇంటావిడ వంటగది తలుపుకు తాళం వేసి, బయటికొచ్చి నిలబడింది. నన్ను అడిగి చేసింది కాదు. ఈ అర్జీ రాత్రి తనకు చదివి వినిపించాను, అదే నేను చేసిన పొరపాటో మంచిపనో తెలియదు. “షెడ్డులోకెళ్ళి ఆ రాడ్డు ఎలా తగిలించాలో నేర్చుకుని రండి బాబూ. మీరు నేర్చుకున్నారని మీ మాస్టారు వచ్చి చెబితే అప్పుడు వడ్డిస్తా” అంది. నెలాఖరు దాకా కూడా ఉండనివ్వరు అనుకున్నాను. కుర్రాళ్ళు గొడవ చేశారు. ఇది ఏ రూలులో ఉందన్నారు. డైరెక్టరు గారికి చెబుతామన్నారు. చెప్పుకోండి, ఆయన పళ్ళెం కూడా లోపలే ఉంది అంది ఆవిడ. తమరి భోజనం ఇవాళ ఆలస్యమైనది అందుకే, క్షమించండి.

తిట్టుకుంటూనే షెడ్డుకు వెళ్ళారు. మాస్టారు రాడ్లు ఎక్కడున్నాయో వెతకడానికే కొంతసేపు పట్టింది. దుమ్ము దులిపి మొదలుపెట్టారు. చూస్తే స్టూలు మీద చిన్నోడు లేడు. వెళ్ళి కుర్రాళ్ళ వెనక నిలబడి ఉన్నాడు. మాస్టారు వాణ్ణి గుర్తుపట్టి, నీకెందుకయ్యా ఇది అన్నారు. అవమానించాలని కాదు పాపం, ఏమనాలో తెలియక అన్నారు. “ఆ రోజు మధ్యాహ్నం ఏం చెప్పారో విందామనండీ” అన్నాడు వాడు.

అందరూ చేశాక వాడు కూడా చేశాడు. తీగ చివరనున్న బిగింపును మోకాలితో అదిమిపట్టి ఎడమ చేత్తో మర తిప్పి నేలకు బిగించాడు. కర్ర భుజానికి ఆనించి పైకెత్తి కొక్కెం తగిలించాడు. కుర్రాళ్ళలో ఎవడూ భోజనం మాట ఎత్తలేదు. మా ఇంటావిడ తాళం తీసింది, వడ్డించాం, తిన్నారు. ఇవాళ తిన్నాక ఇద్దరు ముగ్గురు మళ్ళీ షెడ్డు వైపే వెళ్ళారు, నేను కళ్ళారా చూశాను.

చిన్నోడు తిరిగొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. మిగిలిన టోకెన్లు సర్దుకుంటూ, “ఇంతేనా బావా? ఇంత చిన్న పనా?” అన్నాడు.

వాడికి ఏం చెప్పాలో నాకు తెలియలేదు. తమరికి తెలిస్తే ఉత్తర్వు వేయనక్కర్లేదు, ఒకసారి మెట్లు దిగి వచ్చి వాడితోనే చెప్పండి.